నిచ్చెన కాలు

మా అత్తవారింట్లో మగవాళ్ళకు తల నెరవదు. ఇదేదో గొప్పకు చెబుతున్న మాట కాదు. నెరిసే వయసు రాకముందే నిచ్చెన మీంచి పడి చచ్చిపోతారు, అదీ సంగతి. మా మామగారు నలభై ఒకటో ఏట పడ్డారు. మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, ముప్ఫై ఎనిమిదికే పడ్డారు. మామగారి నాన్న కూడా అలాగే పోయాడంటారు గానీ ఆయన్ని చూసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. మా ఆయనకు మొన్ననే నలభై నిండాయి. ఇక నా కంటికి కునుకెలా పడుతుందో మీరే చెప్పండి.

వీళ్ళది రంగులు వేసే పని. ఇంటి లోపలి గోడలకు రంగు వేసేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. వీళ్ళు వేసేది పెద్ద పెద్ద మేడలకు, అదీ బయటివైపు. పరంజా కట్టడానికి చోటు లేని సందుల్లో పొడుగు నిచ్చెన వేసుకుని, ఒక చేత్తో మెట్టు పట్టుకుని, ఇంకో చేత్తో బ్రష్ తిప్పాలి. ఆ పనిలో వీళ్ళను మించినవాళ్ళు లేరని ఊరంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకుని ఏం లాభం? పోయాక వచ్చి, గుమ్మంలో నిలబడి, "మహా పనివాడమ్మా" అని వెళ్ళిపోతారు.

ఆ ఇంట్లో ఒక వింత అలవాటుంది. పిల్లాడు పనిలోకి దిగే రోజున ఇంటి పెద్ద ఆ పిల్లాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, మడమ వెనక నుంచి పిక్కలోకి వెళ్ళే నరం ఉంటుందే, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూస్తాడు. అది లావుగా, గట్టిగా, తాడు ముడిలా తగిలితే "నిచ్చెన కాలు" అంటారు. వాడికి పొడుగు నిచ్చెన అప్పజెబుతారు. సన్నగా ఉంటే "నేల కాలు". వాడు బతికినంతకాలం కింద నిలబడి రంగులు కలుపుకోవాలి, గోడలకు పుట్టీ పెట్టుకోవాలి, పైవాడి నిచ్చెన పట్టుకోవాలి. తరతరాలుగా మెట్ల మీద నిలబడీ నిలబడీ ఆ నరం అలా బలిసిందనీ, అది రక్తంలో పిల్లలకు దిగుతుందనీ వీళ్ళ నమ్మకం. రక్తంలో దిగుతుందన్న ముక్క మాత్రం నిజమే.

మామగారిది నిచ్చెన కాలు. బావగారిదీ అదే. మా ఆయనది అందరికన్నా గట్టిది. పెళ్ళైన కొత్తలో ప్యాంటు పైకి మడిచి మరీ నాకు చూపించి మురిసిపోయాడు. "ఇదేంటండీ, మడమలో గోలీకాయ దాచుకున్నారు" అని నేను నవ్వితే, రెండు రోజులు అలిగాడు కూడా.

సన్నకాలుతో పుట్టింది ఒక్క నేలబాబాయే. ఆయన మామగారి తమ్ముడు, మా ఆయనకు బాబాయి. నాకు చిన్నమావయ్య అవుతాడు గానీ, ఇంటా బయటా అందరికీ ఆయన నేలబాబాయే. ఆ వంశంలో తల నెరిసిన మగవాడు ఆయనొక్కడే. డెబ్భైకి దగ్గరపడ్డా ఇప్పటికీ పొద్దున్నే లేచి డబ్బాలు కడుగుతాడు. "నేల మీదున్నాడు కాబట్టి బతికాడు" అంటారు అందరూ. ఆ మాటలో మెచ్చుకోలు ఉండదు. ఎందుకంటే మామగారు పడ్డ రోజున కింద నిచ్చెన పట్టుకుని ఉన్నది ఆయనే.

అత్తయ్య ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకు చెప్పేది. "డబ్బాలు ఎండలో పెట్టొద్దని ఎవరైనా చెప్పండమ్మా" అనేది, అక్కడ ఆయన తప్ప ఇంకో మనిషి ఉండడు. ఆయనా నోట్లో నాలుక లేని మనిషి, మారు మాట్లాడకుండా డబ్బాలు నీడలోకి జరిపేవాడు. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ముందుగా నేర్పిన నియమం ఇదే. మా ఆయన నిచ్చెన ఎక్కినప్పుడు నేలబాబాయి దాని మీద చెయ్యి వేయకూడదు. బావగారు పోయినప్పుడు నిచ్చెనను కిందా పైనా తాళ్ళతో బిగించే ఉంచారు. అయినా పడ్డారు. అప్పుడు అత్తయ్య ఆ నిచ్చెనను రంపంతో ముక్కలు కోయించి తగలబెట్టించింది. "ఇది మన మీద పగబట్టింది" అంది.

అందుకే నా భయమంతా నిచ్చెన మీదే ఉండేది. నేను నోరున్న మనిషిని, ధైర్యమున్న మనిషినని కూడా పేరుంది, కానీ స్టూలెక్కి బల్బు మార్చమంటే కాళ్ళు వణుకుతాయి. రోజూ ఆయన బయల్దేరే ముందు తాళ్ళన్నీ లాగి చూసేదాన్ని, మెట్లన్నీ తట్టి చూసేదాన్ని. మధ్యాహ్నం కిందికి దిగగానే ఫోన్ చేయాలని ఒట్టు వేయించుకున్నాను. ఫోన్ మోగేది. "దిగానే తల్లీ, అన్నం తిను" అనేవాడు. అప్పటిదాకా నాకు ముద్ద దిగేది కాదు.

మా అమ్మాయిని పిట్ట అంటాం. పద్నాలుగేళ్ళది. పుల్లకు గౌను తొడిగినట్టుంటుంది, కానీ స్కూల్లో పరుగు పందెమంటే దాని ముందు ఎవరూ ఆగరు. ఆ మధ్య పరిగెత్తి వచ్చినప్పుడల్లా మడమ నొప్పి అని కూర్చునేది. మా ఆయన దాని కాలు ఒళ్ళో పెట్టుకుని, వెనక నరం పట్టుకుని చూసి, ముఖం చేటంత చేసుకున్నాడు.

"ఒసే, ఇది చూడవే. నిచ్చెన కాలు. అచ్చం నాదే."

ఆ ఇంట్లో ఆడపిల్లల మడమలు ఇంతవరకూ ఎవరూ పట్టి చూడలేదు. అత్తయ్య కూడా వచ్చి పట్టుకుని చూసి, "మగపిల్లాడై పుట్టాల్సింది" అంది. నాకు ఒళ్ళు మండింది. "నా కూతుర్ని కూడా ఎక్కించేస్తారా ఏంటి, దాన్నైనా నేల మీద ఉండనివ్వండి" అని, మర్నాడే ఎముకల డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాను. వద్దన్నా వినకుండా ఆయన కూడా వెంట వచ్చాడు.

డాక్టరమ్మది నా వయసే ఉంటుంది. పిట్టను బోర్లా పడుకోబెట్టి రెండు మడమలూ నొక్కి చూసింది. తర్వాత దాని చేతివేళ్ళ కణుపులు చూసింది. మడమ నొప్పికి చేతివేళ్ళెందుకో నాకు అర్థం కాలేదు.

"ఈ గట్టితనం ఎప్పటి నుంచి ఉంది?"

"అది మా ఇంటి కాలు మేడమ్," అంటూ మా ఆయన కుర్చీలోంచి లేచి, చెప్పు విడిచి, ప్యాంటు మడిచి, తన మడమ కూడా చూపించాడు. "మేం నిచ్చెనలెక్కేవాళ్ళం. తాతల నుంచీ ఇంతే."

ఆమె నవ్వలేదు. వంగి పట్టుకుని చూసింది. తర్వాత ఆయన్ని దీపం కింద నిలబెట్టి కళ్ళలోకి చూసింది. ఆయన కంటి నల్లగుడ్డు చుట్టూ సన్నటి తెల్లని గీత ఉంటుంది. మామగారికీ ఉండేదని అత్తయ్య చెప్పేది, అందమైన కళ్ళని మేమంతా అనుకునేవాళ్ళం.

"మీ నాన్నగారు ఉన్నారా?"

"లేరు. నలభై ఒకటిలో పోయారు. నిచ్చెన మీంచి పడి."

"అన్నదమ్ములు?"

"ఒక అన్నయ్య ఉండేవాడు. ముప్ఫై ఎనిమిది. వాడూ నిచ్చెన మీంచి పడే."

డాక్టరమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "వాళ్ళు పడి చనిపోయారా, చనిపోయి పడ్డారా?"

నేను పిట్టను దగ్గరికి లాక్కున్నాను. మా ఆయన మాత్రం "ఎలా పడితేనేం మేడమ్, పడ్డారుగా" అన్నాడు. ఆమె పిట్టను బయట కూర్చోమని పంపి, మాకు విడమర్చి చెప్పింది. ఆ గట్టితనం బలం కాదట, కొవ్వట. రక్తంలో మితిమీరిన కొలెస్ట్రాల్ వచ్చి అక్కడ పేరుకుందట. మడమలో పేరుకున్నదంటే గుండెకు వెళ్ళే రక్తనాళాల్లోనూ చిన్నప్పటి నుంచీ పేరుకుంటూనే ఉంటుందట.

"అదేంటండీ," అన్నాను. "మా పిట్ట గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. ఈయన ఒంట్లో చారెడు కండ తప్ప కొవ్వన్నది లేదు. కొవ్వు జబ్బులు కూర్చుని తినేవాళ్ళకు కదా?"

"ఇది తిండి వల్ల వచ్చింది కాదమ్మా. పుట్టుకతోనే వస్తుంది. రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ను లాగేసే పని లివర్‌ది. వీళ్ళలో ఆ పని సరిగా జరగదు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో సగానికి సగం మందికి వచ్చే వీలుంది. ముందే తెలిస్తే రోజూ ఒక మాత్రతో అదుపులో పెట్టొచ్చు. తెలియకపోతే..." అని ఆగి, ఆయన వైపు చూసింది. "రక్తపరీక్ష ఇద్దరికీ చేయించండి. తొందరగా."

పిట్ట సూది అంటే భయపడి 'నాన్న చేయించుకుంటేనే నేనూ' అంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆయన చెయ్యి చాపేవాడే కాదు. కొలెస్ట్రాల్ లెక్క రెండొందలు దాటకూడదట. పిట్టకు దానికి రెట్టింపు దరిదాపుల్లో వచ్చింది. ఆయనకు రెట్టింపు దాటిపోయింది. డాక్టరమ్మ ఇద్దరికీ మాత్రలు రాసింది. ఆయన్ని వెంటనే గుండె డాక్టరుకు చూపించమనీ, ఆ డాక్టరు చూసి సరేననే వరకూ నిచ్చెన ఎక్కనివ్వొద్దనీ నాకు గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తయ్య మంచం మీంచి లేచి కూర్చుంది. "మా వంశం కాలును పట్టుకుని జబ్బంటారా? రేపు మా ముక్కుల్ని కూడా జబ్బంటారు" అంది. మా ఆయనకు అదే అండ దొరికింది.

"ఆ రక్తం చూసే మిషన్ పాడై ఉంటుంది. పిట్టకు కావాలంటే మాత్రలు వెయ్యి, ఆడపిల్ల, నష్టమేం లేదు. నాకెందుకు? రోజూ అంతెత్తు ఎక్కి దిగుతున్నాను, గుండె జబ్బున్నవాడు ఎక్కగలడా?"

"మీ నాన్నా ఎక్కారు. మీ అన్నా ఎక్కారు."

"వాళ్ళు జారారు."

"భయమేస్తోందని చెప్పొచ్చుగా. నాతో చెప్పడానికేం?"

ఆయన ముఖం తిప్పుకున్నాడు. "నిచ్చెన దిగితే నేనేంటే ఇక? ఇంకో నేలబాబాయినా?" అన్నాడు. నేను తిడదామని నోరు తెరిచి, తిట్టలేకపోయాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా.

ఆ తర్వాతి రోజులు నాకు ఎలా గడిచాయో చెప్పలేను. ఇన్నాళ్ళూ భయమంటే నిచ్చెన. దానికైతే తాళ్ళు కట్టాను, మెట్లు తట్టి చూసుకున్నాను. రక్తానికి ఏ తాడు కట్టను? పిట్ట మెట్లెక్కి వస్తే దాని ఊపిరి వినేదాన్ని. అది పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. "ఏంటమ్మా, నేనింకా బతికే ఉన్నాను" అని అది వేళాకోళమాడేది. దాని నోట ఆ మాట విని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మా ఆయనకు అప్పుడే పంటినొప్పి మొదలైంది. ఎడమ దవడ పట్టుకుని ఇంటికొచ్చేవాడు. గుండె డాక్టరు దగ్గరికి పదండంటే, "ముందు పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అనేవాడు. తీరా పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి నొప్పి ఉండేది కాదు. ఇంట్లో కాసేపు కూర్చుంటే హాయిగా ఉండేవాడు. పెద్ద వీధి చివర ఒక హోటల్ పక్కగోడకు పైభాగం రంగు మిగిలి ఉంది. అది అయిపోతే డాక్టరు దగ్గరికి వస్తానని నన్ను ఊరడించాడు. ఆ పొద్దున కూడా పంటినొప్పి మాత్ర ఒకటి జేబులో వేసుకుని వెళ్ళాడు. తాళ్ళు లాగి చూడబోతే, "చాల్లేవే" అని నవ్వుతూ లాక్కున్నాడు.

ఆయన వెళ్ళాక పెరట్లోకి వెళ్ళాను. నేలబాబాయి బ్రష్‌లు నానబెట్టి, ఒక్కొక్కటే దువ్వెనతో దువ్వుతున్నాడు. డాక్టరమ్మ అడిగిన ప్రశ్న అప్పటికి ఎన్నాళ్ళుగానో నన్ను తినేస్తోంది. మామగారు పడినప్పుడు కళ్ళారా చూసిన మనిషి రోజూ నా కళ్ళ ముందే తిరుగుతున్నాడు. ఆ ఇంట్లో ఇంతవరకూ ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. నేనూ అడగలేదు.

"చిన్నమావయ్యా, మామగారు ఎలా పడ్డారు?"

ఆయన చేతిలో దువ్వెన ఆగిపోయింది. నన్ను కాదు, నా వెనక తలుపును చూశాడు, అత్తయ్య వింటోందేమోనని.

"ఇప్పుడెందుకమ్మా అది?"

"నాకు కావాలి. చెప్పండి."

"జారలేదమ్మా," అన్నాడు. "జారేవాడు బ్రష్ వదిలేస్తాడు. రంగు గోడ మీదంతా పడుతుంది, కిందున్నవాడి మీద పడుతుంది. నా మీద ఒక్క చుక్క పడలేదు. అన్నయ్య బ్రష్‌ను కొక్కేనికి తగిలించాడు. తీరిగ్గా తగిలించాడు. ఆపైన దవడ పట్టుకున్నాడు, పన్ను సలిపినట్టు. అప్పటికి కొన్నాళ్ళుగా పన్ను నొప్పంటూనే ఉన్నాడులే, ఎక్కితే వస్తుంది, దిగితే పోతుంది అనేవాడు. ఆ తర్వాత చేతులు..."

మిగతాది నేను వినలేదు. ఎక్కితే వచ్చి దిగితే పోయే పంటినొప్పి ఎక్కడైనా ఉంటుందా? ఇన్నాళ్ళూ నా ఇంట్లో, నా ఎదురుగా కూర్చుని ఆ మనిషి దవడ రుద్దుకుంటుంటే, నేను ఉప్పునీళ్ళు కాచి పుక్కిలించమన్నాను. ఫోన్ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. పైనున్నప్పుడు ఆయన ఫోన్ ఎత్తడు. చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధిలోకి పరిగెత్తాను. వెనక నేలబాబాయి వస్తున్నాడని ఆయన ఆయాసం వింటే తెలిసింది.

హోటల్ పక్క సందు ఇద్దరు మనుషులు పట్టేంత ఇరుకు. నిచ్చెన నిటారుగా ఉంది. ఆయన పై నుంచి మూడో నాలుగో మెట్టు మీద ఉన్నాడు. చెయ్యి పైకీ కిందకీ ఆడుతోంది, గోడ మీద తడి రంగు మెరుస్తోంది. బాగానే ఉన్నాడు. పిలుద్దామని నోరు తెరిచాను.

అప్పుడు ఆయన చెయ్యి ఆగింది. బ్రష్‌ను డబ్బా అంచుకు రెండుసార్లు ఒత్తి, రంగు పిండి, కొక్కేనికి తగిలించాడు. ఎడమ చెయ్యి దవడ మీదికి వెళ్ళింది.

నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడతాడు. నా పక్కన నేలబాబాయి నిచ్చెనకు రెండడుగుల దూరంలో ఆగిపోయాడు, చేతులు ముందుకు చాపి, ముట్టుకోవచ్చో లేదో తెలియనట్టు నా ముఖంలోకి చూశాడు.

"పట్టుకోండి మావయ్యా. వదలకండి."

ఆయన పట్టుకున్నాడు. నేను ఎక్కాను. ఎలా ఎక్కానని అడగొద్దు, నాకే తెలియదు. కిందికి చూడలేదు. పైకి చూస్తే ఆయన మడమలు, ఆ రెండు లావుపాటి ముడులు, నా ముఖానికి దగ్గరవుతూ వచ్చాయి. ఆ మడమల్ని చూసుకునే ఈ ఇంటివాళ్ళు ఏ పిల్లాణ్ణి ఎత్తుకు పంపాలో తేల్చేవాళ్ళు. పోయేవాళ్ళను ఏరి ఏరి మరీ పైకి పంపారు. ఆ క్షణంలో నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపమే నన్ను మిగతా మెట్లెక్కించింది.

ఆయన వెనక మెట్టు మీదికి చేరి, రెండు చేతులూ ఆయనకు అటూ ఇటూ వేసి నిచ్చెన కర్రలు పట్టుకుని, ఒంటితో ఆయన్ని మెట్లకు అదిమేశాను. పెద్దగా ఎండ లేకపోయినా ఆయన చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది.

"ఎవరూ..."

"నేనే."

"నువ్వా? నువ్వెందుకెక్కావే, పడతావు."

"మాట్లాడకండి. కుడి కాలు దించండి."

"గుండెల మీద ఏదో కూర్చున్నట్టుందే."

"తెలుసు. కుడి కాలు."

దించాడు. నేనూ దించాను. ఇద్దరి బరువుకూ నిచ్చెన మూలిగింది గానీ వెంట్రుకవాసి కదల్లేదు. ఒకచోట ఆయన మోకాళ్ళు వదిలేశాయి, మొత్తం బరువు నా మీదికి వచ్చింది. నా చేతులు తెగిపోతాయనుకున్నాను. ఆయన చెవిలో పిట్ట పేరు చెప్పాను. పిట్టను ఒక్కసారి తలుచుకోండి, ఎడమ కాలు దించండి అన్నాను. దించాడు. నా పాదం నేలకు తగిలేదాకా, మేమిద్దరం బతికి ఉన్నామని నాకు నమ్మకం కలగలేదు.

హోటల్ వంటవాళ్ళు కారు పిలిచారు. ఆసుపత్రిలో గుండె డాక్టరు ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి, చాలాసేపటికి బయటికి వచ్చాడు. ఒక రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందట, దాన్ని తెరిచి స్టెంట్ వేశారు. మిగతావి కూడా సన్నబడ్డాయట, వాటి సంగతి తర్వాత చూస్తారట. "కాస్త ఆలస్యమైనా దక్కేవారు కాదు" అన్నాడు. నేను బల్ల మీద కూర్చున్నాను. పక్కన నేలబాబాయి అరచేతులు తెరిచి చూసుకుంటున్నాడు. నిచ్చెన కర్రలు ఒత్తుకుని రెండు చేతులూ ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

ఆయన్ని ఇంటికి తీసుకొచ్చిన మధ్యాహ్నం అందరం ముందుగదిలో ఉన్నాం. ఆయన మంచం మీద, పిట్ట కాళ్ళ దగ్గర, అత్తయ్య కుర్చీలో. నేలబాబాయి ఎప్పటిలాగే గుమ్మం బయట నిలబడ్డాడు. గుండె డాక్టరు అన్నదంతా నేను అత్తయ్యకు దాచకుండా చెప్పాను. అది ఈ వంశపు రక్తంలో ఉందని చెప్పాను. ఇన్ని ఆనవాళ్ళు చూస్తే మామగారు, బావగారు కూడా కింద పడటానికి ముందే పోయి ఉంటారని ఆ డాక్టరు అన్నట్టు చెప్పాను.

అత్తయ్య అలవాటు ప్రకారం గోడకేసి చూసింది. తర్వాత గోడ మీంచి ముఖం తిప్పింది.

"మరిదీ," అంది.

ఆయన ఉలిక్కిపడి, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసుకున్నాడు.

"లోపలికి రా. ఆ రోజు ఏం జరిగిందో చెప్పు."

ఆయన లోపలికి వచ్చాడు గానీ కూర్చోలేదు. "బ్రష్ కొక్కేనికి తగిలించాడు వదినా. దవడ పట్టుకున్నాడు. 'ఏంటన్నయ్యా' అన్నాను, పలకలేదు. చేతులు వదిలేశాడు. నిచ్చెన కదల్లేదు వదినా. నేను వదల్లేదు."

"ఈ మాట ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పాను. ఆ రోజే చెప్పాను. నువ్వు వినే స్థితిలో లేవు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు."

అత్తయ్య తన కుర్చీని ఆయన వైపు తిప్పుకుంది. "ఆ రోజు నీ మాట వినుంటే, నా పెద్దోడు..." అంది. మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేలబాబాయి వెళ్ళి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

పిట్ట ఇదంతా వింటోందని నేను మరిచేపోయాను. అది తన రెండు కాళ్ళూ మంచం కిందికి లాక్కుని కూర్చుంది. కాసేపటికి నేలబాబాయి దగ్గరికి జరిగి, "తాతయ్యా, నీ కాలొకసారి చూపించవూ" అంది. ఆయన ఎప్పుడూ మడమలు కప్పేసే పొడుగు ప్యాంట్లే వేసుకుంటాడు, సన్నకాళ్ళు ఎవరికీ కనబడకూడదని. సిగ్గుపడుతూ అంచు పైకి లాగాడు. పిట్ట రెండు వేళ్ళతో ఆయన మడమ నరాన్ని పట్టుకుని చూసింది. తర్వాత వంగి తనది పట్టుకుని చూసుకుంది. మళ్ళీ ఆయనది పట్టుకుంది. వేళాకోళమాడలేదు.

అందరిలా నువ్వూ తల నెరిసేదాకా ఉంటావే పిచ్చిపిల్లా, డాక్టరమ్మ చెప్పింది, చిన్నప్పుడే మొదలుపెట్టాం కదా అని చెబుదామనుకున్నాను. లోపలికి వెళ్ళి మాత్ర, గ్లాసుతో నీళ్ళు తెచ్చి దాని చేతిలో పెట్టాను. వేసుకుంది. మింగేదాకా అక్కడే నిలబడ్డాను. మింగాక, నోరు తెరిచి చూపించమన్నాను.